లైను చివరి ఇల్లు

వీధి చివరి ఇల్లు,
మంగళవారం

చెల్లీ,

ముందు నీ నడుము ఎలా ఉందో రాయి. వంగి గుడ్డ కత్తిరించవద్దన్నాను, నువ్వు వినవని తెలుసు. తర్వాత నీ పిల్లి కాలు. కట్టు విప్పారా, ఇంకా కుంటుతోందా? పక్కనున్న మందుల షాపు ఆయనకి ఆయాసం తగ్గిందా? అందరికీ మందులిచ్చే మనిషి తన మందు తాను వేసుకోడు, నువ్వైనా గట్టిగా చెప్పు. నీ కుట్టుమిషన్ ఇంకా కీచుమంటోందా? దానికి కూడా ఒంట్లో బాగాలేనట్టే లెక్క, నూనె వెయ్యి. చివరగా నీ కళ్లు. పోయిన ఉత్తరంలో అక్షరాలు గుమ్మడికాయలంత ఉన్నాయి. వరసలు కిందికి జారి కాగితం అంచు మీద కూర్చున్నాయి. ఎందుకలా?

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అంటే బీపీ ఉంది, మోకాళ్లున్నాయి, నిద్ర లేదు. చిలక బాగాలేదు. కంగారు పడకు, దాని ఒంటికేం కాలేదు. దాని నెట్టుకి.

నా కూతురికి చిలక అని పేరు పెట్టింది నువ్వే. ఇప్పుడు అది నోటికన్నా చేతులతోనే ఎక్కువ మాట్లాడుతోంది. ఎక్కడో ఆసుపత్రికి వినపడని మనిషి వస్తే, డాక్టరు బల్ల మీది తెరలో మన చిలక కనిపిస్తుంది. డాక్టరు మాట విని చేతులతో చెబుతుంది, రోగి చేతులు చూసి నోటితో చెబుతుంది. మా ముందుగదిలో కూర్చునే ఇంత పనీ. ఇదంతా టెలిఫోన్ తీగ మీదే నడుస్తుందట. నాకు నమ్మబుద్ధి కాదు. మనిషి బొమ్మ ఆ సన్న తీగలో ఎలా పడుతుందే?

పట్టడం లేదు, అదే గొడవ. పోయిన వారం ఒకావిడకి మందు ఎలా వేసుకోవాలో చెబుతుంటే బొమ్మ బిగుసుకుపోయింది. అక్కడ తెర మీద చిలక చేతులు రెండూ గాల్లోనే ఆగిపోయాయి. 'పొద్దున ఒకటి' దాకా వెళ్లింది, 'రాత్రి మాత్రం వద్దు' అన్నది తీగలోనే ఉండిపోయింది. మళ్లీ కలిసేసరికి ఆవిడ లేచి వెళ్లిపోయింది. నర్సు వెనకాల పరిగెత్తి పట్టుకుంది కాబట్టి సరిపోయింది. ఆ రోజు చిలక అన్నం ముట్టలేదు.

పని ఇచ్చిన మేడమ్ మూడు నెలలు చూస్తానంది. ఒక నెల అయిపోయింది. ఇలాగే తెగుతుంటే ఇంటి నుంచి కుదరదు, ఆసుపత్రి ఉన్న చోటికే వచ్చి ఉండాలి, లేదంటే వేరేవాళ్లని చూసుకుంటారట. అది వెళ్తే నన్నేం చేస్తుంది? తీసుకెళ్తే బరువు, వదిలేస్తే బెంగ.

మొన్న ఎందుకు తెగిందో నాకు తెలుసు. నా గదిలో పాత ఫోన్ మోగింది. రాంగ్ నంబర్. ఇక్కడ గంట మోగడం, అక్కడ చిలక 'అయ్యో' అనడం ఒకేసారి. అందుకని ఇక పగటిపూట ఫోన్ చేయకు, ఉత్తరం రాయి. అది మోగకుండా నేను చూసుకుంటున్నాను, ఆ సంగతి నాకొదిలెయ్. చిలకకి చెప్పలేదు. చెబితే 'అమ్మా, నువ్వేదీ ముట్టుకోకు' అంటుంది. రాత్రి పడుకునేముందు, నెట్టు వచ్చే ఆ లైట్ల పెట్టె స్విచ్ కూడా నేనే ఆపుతున్నాను. రోజంతా వేడిగా ఉంటుంది పాపం, నిప్పంటుకుంటే? చిలక లేవకముందే మళ్లీ వేస్తాను.

కళ్ల సంగతి దాటెయ్యకు.

నీ అక్క

*

కుట్టు షాపు,
శనివారం

అక్కా,

నడుము ఉన్నచోటే ఉంది. పిల్లి కుంటుతూనే ఎదురింటి చేప ఎత్తుకొచ్చింది, అంత బాగుంది. మందుల షాపు ఆయన నువ్వు చెప్పినట్టే తన మందు తాను వేసుకోవడం లేదు. మిషన్‌కి నూనె వేశాను. హాజరు పట్టీ పూర్తయింది, ఇక నన్ను రాయనీ.

అక్షరాలు పెద్దవైతే నీకేం నష్టం? పెన్ను మొద్దుబారింది. కరెంటు సరిగ్గా ఉండటం లేదు. అయినా చదవడానికి నీకే సుఖం కదా.

చిలక సంగతి చదివి మనసు పాడైంది. కానీ నీ సంగతి చదివి ఒళ్లు మండింది. మా ఇంట్లో ఫోన్ లేదు. సెల్లు కొనుక్కున్నా ఆ చిన్న అంకెలు నాకు అచ్చిరావు. మందుల షాపు ఆయనే నంబర్ కొట్టి ఇవ్వాలి. పొద్దుగూకితే ఆయన షట్టర్ దించేస్తాడు. నువ్వేమో పగలు చేయకంటావు. మరి ఎప్పుడు చేయను, కలలోనా? చిలక సెల్లుకి చేద్దామంటే మీ పల్లంలో సిగ్నల్ గాలిలో దీపం. పైగా అది పనిలో ఉంటుంది.

నీ ఉత్తరం అందకముందే చాలాసార్లు చేశాను. ఎప్పుడు చూసినా ఎంగేజే. ఆయన నవ్వి, "మీ అక్కగారు ఏం వ్యాపారం చేస్తారండీ, లైను ఒక్క నిమిషం ఖాళీ ఉండదు?" అన్నాడు. "దిగులు వ్యాపారం, టోకు బేరం" అన్నాను. నిజం చెప్పు, పగలంతా ఎవరితో మాట్లాడుతున్నావు?

నీకో మాట చెప్పాలి. అది ఫోన్‌లో చెప్పే మాటే, ఉత్తరంలో రాసేది కాదు. కంగారు పడకు. ఈ రెండు ముక్కలూ రాయకూడదని తెలుసు, కానీ కొట్టేస్తే నువ్వు కాగితాన్ని వెలుతురుకి పట్టుకుని మరీ చదువుతావు.

చెల్లి

*

వీధి చివరి ఇల్లు,
బుధవారం, వాన

చెల్లీ,

కంగారు పడకు అని రాసినవాళ్లెవరైనా బాగుపడ్డారా? ఆ మాట ఏమిటా అని నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. షాపు ఖాళీ చేయమన్నారా? కింద పడ్డావా? గుండె పరీక్ష ఏమైనా చేయించావా? మందుల షాపు ఆయన ఏమైనా అన్నాడా? అంటే మంచిదే, నాకేం అభ్యంతరం లేదు, ఆయాసం తగ్గాక చూడండి. ఏదైనా సరే రాసెయ్. ఫోన్‌లోనే చెప్పాల్సిన మాటంటూ ఈ లోకంలో ఉండదు.

ఎవరితో మాట్లాడుతున్నావని అడిగావు. ఎవరితోనూ లేదు. లైను బాగాలేదు, అంతే అనుకో.

లైన్‌మన్ వచ్చాడు. మనిషి సన్నగా ఉన్నాడు, నిచ్చెన ఆయనకంటే లావుగా ఉంది. టీ ఇచ్చి కూర్చోబెట్టి అన్నీ అడిగాను.

"ఎక్స్ఛేంజి నుంచి వచ్చే తీగకి మీదే చివరి ఇల్లు మామ్మగారూ. దూరం పెరిగేకొద్దీ స్పీడు సన్నగిల్లుతుంది. వీధి మొదటింటి కుళాయికీ చివరింటి కుళాయికీ తేడా ఉండదా, అలాగే" అన్నాడు.

"అయితే మమ్మల్ని వీధి మొదటికి మారమంటావా?"

"వద్దులెండి. స్పీడు తక్కువైనా పరవాలేదు, తెగకుండా ఉంటే మీ అమ్మాయి పని నడుస్తుంది. మీకు పడుతున్న కష్టం స్పీడుతో కాదు, నిలకడతో."

వానకి స్తంభం మీద అతుకు నానిందేమోనని ఎక్కి చూశాడు. కొత్త అతుకు వేశాడు. తర్వాత ఎక్కడికో ఫోన్ చేసి మాట్లాడి, చిలకని అడిగాడు, "రోజూ రాత్రి పెట్టె ఎందుకు ఆపుతున్నారమ్మా?" అని. చిలక నా వంక చూసింది. నేను టీ గ్లాసు వంక చూశాను.

అవతల ఎక్స్ఛేంజిలో ఒక యంత్రం ఉంటుందట. మన లైను మాటిమాటికీ పోతుంటే, ఇది బలహీనమైన లైను కాబోలు అనుకుని స్పీడు తగ్గించేస్తుందట. పడిలేచే పసిపిల్లని చేయి పట్టుకుని మెల్లగా నడిపించినట్టు. నేను రాత్రి ఆపడం కూడా దాని లెక్కలో పడిపోవడమే కావచ్చు. కొన్నాళ్లు ఆపకుండా, కదపకుండా వదిలేస్తే నమ్మకం కుదిరి మళ్లీ పెంచుతుందట. యంత్రానికి నమ్మకమేమిటే! నన్ను ఇంట్లోవాళ్లే నమ్మరు.

సరే, ఆపడం మానేశాను. నిప్పంటుకుంటుందేమోనని దాని పక్కన బకెట్‌తో నీళ్లు పెట్టాను. చిలక తీసేసింది.

కానీ విను, లైన్‌మన్ ఉన్నంతసేపూ నెట్టు బ్రహ్మాండంగా ఉంది. ముందుగదిలో చూశాడు, నా గది గుమ్మంలోనే నిలబడి గోడ తీగ చూశాడు, ఎక్కడా తప్పు లేదన్నాడు. ఆయన నిచ్చెన మలుపు తిరిగిందో లేదో, మళ్లీ మొదలు. రెండోసారి పిలిచాం. అదే తంతు. డాక్టర్ని చూడగానే జ్వరం తగ్గిపోయే పిల్లల్లా ఉంది మా లైను. ఆయన కూడా చిలక వంక అనుమానంగా చూశాడు. అది మాత్రం ఏం చేస్తుంది, మింగలేక కక్కలేక ఉంది.

నిన్న మేడమ్ తెరలోకి వచ్చి చిలకతో మాట్లాడింది. తలుపు వెనక నుంచి విన్నాను. 'మీ చేతులు చాలా బాగుంటాయి, కానీ అవి మాకు కనిపించాలి కదా' అంది. గట్టిగా తిట్టినా అంత బాధ ఉండేది కాదు. వచ్చే నెలాఖరుతో గడువు ఆఖరు.

నీ మాటేమిటో రాయి. నా మీద ఒట్టు.

అక్క

*

మందుల షాపు,
సోమవారం

అక్కా,

ఈ చేతిరాత చూసి భయపడకు. నేను చెబుతుంటే ఈయన రాస్తున్నాడు.

కళ్లల్లో పొర వచ్చింది, రెండింట్లోనూ. కుడి కన్ను ముందు చేయాలన్నారు. చిన్న ఆపరేషనే, రోజూ ఎంతోమందికి చేస్తారట. అందుకే నీకు చెప్పలేదు. నీకు చెబితే చిన్నదేదీ చిన్నదిగా ఉండదు కదా.

కానీ ఆపరేషన్ తర్వాత ఇంట్లో తోడుండే మనిషి పేరు ముందే ఇవ్వాలన్నారు. వారం పాటు వేళకి చుక్కలు వేయాలి, వంగనివ్వకూడదు, పొయ్యి దగ్గరికి పోనివ్వకూడదు. నాకు నువ్వు తప్ప ఎవరున్నారు? అడుగుదామని చేస్తే ఎంగేజ్. అలా ఒక తేదీ పోయింది. ఇప్పుడు ఇంకో తేదీ ఇచ్చారు, ఇరవై ఒకటి, శుక్రవారం. వచ్చే సోమవారం మధ్యాహ్నంలోపు పేరు చెప్పకపోతే వరసలో వెనక్కి పోతాను. మళ్లీ ఎప్పటికో.

(అక్కగారూ, ఇది నేను రాస్తున్నాను, ఈవిడ చెప్పమనలేదు. సూదిలో దారం ఎక్కించమని రోజూ నా దగ్గరికి వస్తున్నారు. పోయిన గురువారం మిషన్ సూది వేలిలో దిగింది. కట్టు నేనే కట్టాను. బట్టలివ్వడానికి వచ్చేవాళ్లు తగ్గిపోతున్నారు.)

ఈయన ఏదో ఎక్కువ రాశాడు. పెన్ను చప్పుడు వినపడింది. ఏం రాశాడో నాకు చదివి వినిపించడట, చూడు ఈ దౌర్జన్యం.

ఇప్పుడు నీ సంగతి. నీ ఉత్తరాలన్నీ చదివించుకుని ఆలోచించాను. లైను బాగాలేకపోతే చిలక అసలు పనే చేయలేదు. అది పని చేస్తోందంటే తీగలో ప్రాణం ఉన్నట్టే. మరి నాకు మాత్రం ఎప్పుడూ ఎంగేజ్ ఎందుకొస్తుంది? అక్కా, నువ్వు రిసీవర్ తీసి దిండు కింద పెట్టావు. నాకు తెలుసు. చిలక ఉయ్యాల్లో ఉన్నప్పుడు కూడా, దాని నిద్ర చెడుతుందని ఇదే పని చేసేదానివి. అమ్మ పడిపోయినప్పుడు నీకు కబురు చెప్పడానికి నేను బస్సెక్కి రావాల్సి వచ్చింది, గుర్తుందా? పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగితే లోకానికి తెలియదా?

చిలక పని చెడాలని నాకు లేదు. కానీ సోమవారం పదకొండింటికి చేస్తాను. ఒక్కసారి మోగనీ. ఒక్కసారే.

చెల్లి

*

వీధి చివరి ఇల్లు,
మంగళవారం, ఎండ

చెల్లీ,

నిన్న ఫోన్‌లో సగం ఏడ్చాను, సగం గుసగుసలాడాను. తోడుకి నా పేరు ఇచ్చెయ్ అన్నది తప్ప చెప్పాల్సింది ఒక్కటీ చెప్పలేదు. అందుకే మళ్లీ రాస్తున్నాను. నీకు చదివేది ఆయనే కాబట్టి ముందు ఆయనకి నా నమస్కారం. ఆ బ్రాకెట్లో రాసింది చదివి నేను కుర్చీలో కూలబడ్డాను. వేలికి టీకా వేయించారా?

నీ ఉత్తరం గురువారం వచ్చింది. చదువుతుంటే దిండు కింద నుంచి ఆ రిసీవర్ తీగ నన్నే చూస్తున్నట్టుంది. అవును, తీసి పెట్టాను. రోజూ పొద్దున చిలక పనికి కూర్చోగానే తీసి, దిండు కింద పెట్టి, పైన దుప్పటి కప్పి, సాయంత్రం మళ్లీ పెట్టేదాన్ని. మోగితే చిలక చేతులు ఆగిపోతాయి. మోగకపోతే నీ కళ్లు పోతాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కూతురా, చెల్లెలా అని ఏ పాపిష్టిదీ తూకం వేయాల్సి రాకూడదు.

సోమవారం దాకా ఎందుకు, నువ్వు ముందే చేస్తావేమోనని రిసీవర్ అప్పుడే దాని చోట పెట్టేశాను. చిలక నోటి దగ్గర ముద్ద నేనే లాగేసినట్టు అనిపించింది. పెట్టేసి మంచం మీద కూర్చున్నాను. పాము బుట్ట పక్కన కూర్చున్నట్టు కూర్చున్నాను.

ఫోన్ మోగలేదు. శుక్రవారమూ మోగలేదు. ఆ సాయంత్రం చిలక గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "అమ్మా, ఇవాళ ఒక్కసారి కూడా తెగలేదే" అంది. మొహం చూడాలి నువ్వు. "వానలు తగ్గాయి కదా" అన్నాను. శనివారం కూడా తెగలేదు. నాకేమో సంతోషం బదులు భయం పట్టుకుంది. ఇంత బాగా నడుస్తున్నదాన్ని సోమవారం పదకొండింటికి నువ్వొచ్చి కొడతావు కదా అని. నిన్ను తిట్టుకున్నాను కూడా, నిజం రాస్తున్నాను.

ఆ సాయంత్రమే లైన్‌మన్ మా వీధి మలుపులో ఎవరి లైను కోసమో స్తంభం ఎక్కి ఉన్నాడు. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వెళ్లి కిందనుంచి అరిచాను, "నాయనా, ఫోన్ మోగినా నెట్టు పోకుండా ఉండే ఉపాయం ఏదైనా ఉందా?"

"ఫోన్ మోగితే నెట్టు పోవడం ఏమిటి మామ్మగారూ? మీ ఇంట్లో అసలు ఫోన్ ఎక్కడుంది, ముందుగదిలో పెట్టె ఒక్కటే కదా?"

"నా గదిలో ఉంది. మంచం వెనక."

ఆయన దిగాడు. మెల్లగా దిగాడు, కోపం వచ్చినవాళ్లు అలాగే దిగుతారు. ఇంటికొచ్చి మంచం జరిపాడు. అక్కడ మా ఆయన ఉన్నప్పుడు పెట్టించిన పాత ఫోన్, గోడలోంచి నేరుగా తీగ. దాన్ని చూసి తల పట్టుకున్నాడు.

"ఒకే తీగ మీద మాటా వస్తుంది, నెట్టూ వస్తుంది మామ్మగారూ. రెంటినీ విడదీసేందుకు ప్రతి ఫోన్‌కీ ఒక చిన్న డబ్బా తగిలించాలి. దాన్ని ఫిల్టర్ అంటారు. దీనికి లేదు. అందుకే మోగినప్పుడు నెట్టు తెగింది."

"అందుకే కదా మోగకుండా తీసి పెట్టాను!"

"ఏం తీసి పెట్టారు?"

"రిసీవర్."

"ఎప్పుడు?"

"పగలంతా."

ఆయన మంచం మీద కూర్చుండిపోయాడు. "మోగితే ఒక్క నిమిషం పోయేది. ఫిల్టర్ లేని ఫోన్ ఎత్తి పెడితే అది పగలంతా నెట్టుని చెడగొడుతూనే ఉంటుంది. మీరు దొంగ రాకుండా తలుపు ఊడబీకారు" అన్నాడు.

"మరి నువ్వొచ్చినప్పుడల్లా ఎందుకు బాగుంది?"

"నేనొచ్చే ముందు మీరేం చేశారు?"

ఏం చేస్తానే? ఎవరైనా ఇంటికొస్తుంటే ఇల్లు సర్దమా? దుప్పటి మడిచాను, దిండు సరిచేశాను, రిసీవర్ దాని చోట పెట్టాను. ఆయన వెళ్లాక మళ్లీ తీశాను. అదే మాట చెప్పాను. ఆయనకి కోపం పోయి నవ్వొచ్చింది. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. జేబులోంచి అగ్గిపెట్టెంత తెల్ల డబ్బా తీసి ఫోన్ తీగకి తగిలించాడు. అంతే. నా దిగులంతా కలిపి అగ్గిపెట్టెడు.

చిలక గుమ్మంలో నిలబడి అంతా వింది. నేను తల ఎత్తలేదు. అరుస్తుందనుకున్నాను, అరిస్తే బాగుండేది. వచ్చి నా పక్కన కూర్చుని, "లైను తెగిన ప్రతిసారీ, పక్కగదిలో అమ్మైనా ప్రశాంతంగా ఉందిలే అనుకునేదాన్నమ్మా" అంది. తర్వాత దానికీ నవ్వొచ్చింది. వినపడనివాళ్లలో ప్రతి మనిషికీ చేతులతో చేసే పేరు ఒకటి ఉంటుందట. చెవి దగ్గర ఫోన్ పెట్టినట్టు చేసి, దాన్ని దిండు కింద దాచినట్టు చూపించింది. అదే ఇక నా పేరట. తన స్నేహితులందరికీ చెప్పేసింది. ఎప్పుడూ చూడని మనుషులు కూడా తెరలో నన్ను చూసి అదే చేస్తున్నారు.

ఇక నిన్నటి సంగతి. లైన్‌మన్ భరోసా ఇచ్చాడు గానీ నాకు నమ్మకం ఎక్కడిది? ముందుగది గుమ్మం దగ్గర నిలబడ్డాను. చిలక ఎవరో ముసలాయనతో మాట్లాడుతోంది. పదకొండు కాకముందే నువ్వు చేసేశావు. వెనక గదిలో గంట మోగింది. చిలక చేతుల వంకే చూశాను. అవి ఆగలేదే. గంట మోగుతూనే ఉంది, చేతులు కదులుతూనే ఉన్నాయి. అవతల ముసలాయన తల ఊపుతున్నాడు, అర్థమైనట్టు. నేను గుమ్మం వదల్లేదు. చిలక ఆయన్నుంచి చూపు తిప్పకుండానే, మాటకీ మాటకీ మధ్య ఒక చెయ్యి నావైపు విసిరింది. దానికి మాత్రం అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. వెళ్లి ఎత్తవే అని.

అందుకే అన్నిసార్లు మోగింది. విసుక్కున్నావు, నువ్వు అన్న మాటలు విన్నాను.

మేడమ్ ఇంకా ఖాయం చేయలేదు. నెలాఖరు దాకా చూస్తానంది. ఇలాగే ఉంటే భయం లేదని చిలక అంటోంది. ఎక్స్ఛేంజిలో ఆ యంత్రానికి కూడా నమ్మకం కుదురుతున్నట్టుంది, స్పీడు కాస్త పెరిగిందట. చివరిల్లు చివరిల్లే, అంతకన్నా పెరగదు. చాలు.

ఇప్పుడు నా దిగులల్లా ఆ చుక్కల సీసా మీద. చేయి వణికి కంట్లో కాక చెంప మీద వేస్తే? రోజూ చెంచాలో నీళ్లు వేసి సాధన చేస్తున్నాను. నేనొచ్చేదాకా మిషన్ తొక్కకు. ఆయన్ని నీ సూదులన్నీ దాచిపెట్టమను. పిల్లిని మంచం ఎక్కనివ్వకు. అక్కడికి చేరగానే చిలకకి ఫోన్ చేయాలి, పగలే. మోగినా పరవాలేదు.

వచ్చే వారం, ఇరవయ్యో తారీఖు, గురువారం, పొద్దుటి బస్సుకి వస్తున్నాను.

నీ అక్క